పిండి ఓడల వేసవి

ఆ ఏడాది జూలై సగం గడిచినా తూర్పు నుంచి ఒక్క తెరచాప రాలేదు.

చేప మాత్రం ఎన్నడూ లేనంతగా వచ్చింది. నాన్న, మా అన్న ఇసాక్, నేను పడవ వేసుకుని దీవి కొస దాటితే చాలు, గాలం అడుగు తాకకముందే బరువెక్కేది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మా ఈడు ఆడపిల్లలంతా ఒడ్డున చేపలు కోసేవాళ్ళు. మూడో జత తెడ్లకి మనిషిని పెట్టుకునే స్తోమత లేక నాన్న నన్ను పడవెక్కించాడు. ఎక్కాక నాకు దిగాలనిపించలేదు.

అంత చేప పడ్డా ఎవరి మొహంలోనూ కళ లేదు. వేసవి చేపని పందిళ్ళ మీద ఎండేయలేం, ఈగలు ముసిరి పురుగు పెడతాయి. ఆ నెలల్లో మా చేపకి దిక్కు రష్యా ఓడలే. తెల్ల సముద్రం నుంచి రై అనే ధాన్యం పిండి బస్తాలు వేసుకుని వస్తారు. పిండి మాకు దించి, మా చేపని పచ్చిదాన్నే తీసుకుని, ఓడలోనే ఉప్పేసుకుని పట్టుకుపోతారు. మా వార్డో దీవిలో రాళ్ళు తప్ప ఏమీ పండవు. వాళ్ళకేమో ఉపవాసాల రోజుల్లో చేప లేనిదే ముద్ద దిగదు. అటువాళ్ళ పిండీ ఇటువాళ్ళ చేపా కలుసుకునే చోటు మా రేవు. దక్షిణాన రాజధానిలో కూర్చున్నవాళ్ళకి మేం ప్రపంచానికి చివర ఉన్నట్టు కనపడేది గానీ, వేసవిలో మా రేవులో నిలబడితే ప్రపంచమంతా మా దగ్గరికే వస్తున్నట్టుండేది.

ఆ వేసవి అది రాలేదు. తెల్ల సముద్రం మూతి దగ్గర మంచు ఇంకా కదల్లేదని ఒక స్టీమర్ వాళ్ళు చెప్పి పోయారు.

మా అమ్మ ఒలీనా పిండి తొట్టి తిరగేసి అడుగు గీకింది. "పొద్దున చేప, మధ్యాహ్నం చేప, సాయంత్రం చేపలోకి నంజుకోడానికి చేప," అంది. "ఇంకో నెల పోతే మనకి మొప్పలొస్తాయి."

"ఓడలొస్తాయిలే," అన్నాడు నాన్న.

"వస్తాయి. మనం పోయాక."

నాన్న గాలాలు సర్దుకున్నాడు. ఆయన పేరు ఎలియాస్. మాటలు ఆయనకి ఎప్పుడూ కరువే.

ఆ వారంలోనే పక్కింటి ఓలుఫ్ టోపీ ఊపుకుంటూ వీధంతా పరుగెత్తాడు. "వచ్చాడర్రా! రష్యావాడొచ్చాడు!" ఊరు ఊరంతా రేవుకి పరుగు. ముక్కుకి ఆకుపచ్చ రంగేసిన ఓడ ఒక్కటే, మెల్లగా లోపలికి వస్తోంది. అది సవ్వాతీ ఓడ. నాన్నా ఆయనా ఇరవై ఏళ్ళుగా ఇచ్చిపుచ్చుకుంటున్నవాళ్ళు. ప్రతి వేసవీ ఆయన మా బల్ల దగ్గర కూర్చుని మా కాఫీని తిట్టి, మూడు కప్పులు తాగేవాడు.

చుక్కాని దగ్గర సవ్వాతీ లేడు. తలకి గుడ్డ కట్టుకుని, మగవాళ్ళ బూట్లేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఓడని తిప్పి, గాలికి ఎదురుగా నిలిపి, లంగరు వేయించేదాకా ఆవిడ ఒడ్డువైపు చూడనే లేదు.

నాన్న పడవ పోనిచ్చాడు. తెడ్ల మీద నేను.

రష్యావాళ్ళతో మాట్లాడ్డానికి రేవులో ఒక కలగాపులగం భాష ఉండేది. సగం వాళ్ళది, సగం మాది. అందులో నేను, నువ్వు అనే మాటల్లేవు. నాది, నీది, అంతే. బేరానికి అవి చాలు.

"సవ్వాతీ ఎక్కడ?" అని అరిచాడు నాన్న.

"సవ్వాతీ లేదు," అంది ఆవిడ. "చలికాలం దగ్గు, దగ్గు. తర్వాత లేదు. నాది సవ్వాతీ భార్య. ఫెతీన్యా."

నాన్న టోపీ తీశాడు. ఏదో అనాలని నోరు తెరిచాడు గానీ ఆ భాషలో సరిపడే మాట దొరకలేదు. చివరికి, "సవ్వాతీ మంచి," అన్నాడు.

"మంచి," అంది ఫెతీన్యా. నాన్నని తేరిపార చూసి, "నీది ఎలియాస్? సవ్వాతీ చెప్పింది. ఎలియాస్ చేప మంచి, ఎలియాస్ కాఫీ చెడ్డ."

నాన్న నవ్వాడు. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆవిడ ఒక్కతే అంత ముందు ఎలా రాగలిగిందో తర్వాత తెలిసింది. మంచు పూర్తిగా కదలకముందే ఒడ్డు వెంబడి ఏ చీలిక దొరికితే ఆ చీలికలోంచి తోసుకుంటూ వచ్చేసింది. ఆవిడ బావగారు, అంటే సవ్వాతీ అన్న, ఓడ తనకిచ్చెయ్యమని కూర్చున్నాడట. ఆడమనిషి వార్డో దాకా పోయి నిండు ఓడతో తిరిగొస్తే అప్పుడు చూద్దాం అన్నాడట.

ఆ సాయంత్రం అమ్మ రొట్టె కాల్చింది. వీధిలో ఏ ఇంటి ముందు నిలబడ్డా అదే వాసన. ఇసాక్ వేడి ముక్క నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు, అయినా ఉమ్మలేదు.

అమ్మకి మాత్రం ఫెతీన్యా అంటే పడలేదు. "మొగుడు పోయి ఏడాది తిరగలేదు. ఆరుగురు మగాళ్ళనేసుకుని సముద్రం మీద తిరగడమేంటి?"

"ఆవిడ రాకపోతే నువ్వు ఆ రొట్టె తినేదానివి కాదే," అన్నాడు ఇసాక్.

"రొట్టె సంగతి వేరు," అంది అమ్మ, ఇంకో ముక్క కోస్తూ.

రోజూ మా పడవ నేరుగా ఆవిడ ఓడ పక్కకే పోయేది. ఫెతీన్యా ఒక్కో చేప మొప్ప ఎత్తి వాసన చూసేది. ఓసారి పెద్ద కాడ్ చేపని వెనక్కి విసిరేసింది.

"ఇది నిన్నటిది."

"ఈ పొద్దుటిది!" అన్నాడు ఇసాక్.

"చేప నిన్నటిది. నీది మొహం కూడా నిన్నటిది. కడుక్కో."

ఓడలో పనిచేసే ముసలాళ్ళు పడీపడీ నవ్వారు. ఇసాక్ కూడా నవ్వాడు. అతను ముందురోజు రాత్రి తాగిన మాట నిజమే. నన్ను చూసి మాత్రం ఆవిడ ఏమీ అనేది కాదు. నేను పడవని అలల్లో నిలిపే తీరు చూస్తూ ఉండేది. ఒకరోజు నాన్నతో, "పిల్ల బాగా లాగుతుంది. తెడ్డు మాత్రం పిల్లది కాదు," అంది. నిజమే. అవి పెద్దవాళ్ళ తెడ్లు, పిడి నా పిడికిట్లో ఇమిడేది కాదు. ఎవరూ ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు, నేను కూడా.

ఆగస్టులో మిగతా ఓడలన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. రేవు నిండా తెరచాప స్తంభాలే. తారు, ఉప్పు, బిర్చి బెరడు కలిసిన వాసన. ఇటు దక్షిణాది బెర్గెన్ ఓడలు, అటు జర్మన్ ఓడలు, మధ్యలో రష్యావాళ్ళ పాటలు. కొత్తవాళ్ళు బేరానికి దిగి పిండి కాస్త ఎక్కువే కొలిచి ఇస్తున్నారు.

"ఎలియాస్, పిచ్చోడివా?" అన్నాడు ఓలుఫ్. "అక్కడ అదే చేపకి ఎక్కువ పిండి వస్తుంటే ఆవిడ ఓడ చుట్టే తిరుగుతావేంటి?"

"అలవాటు," అన్నాడు నాన్న.

ఆవిడ ఓడ అలా అలా నిండింది. ఇంకో రెండ్రోజుల్లో బయల్దేరాలి. అప్పుడొచ్చింది ఉత్తర గాలి.

మా రేవుకి అప్పట్లో అడ్డుగోడ లేదు. ఉత్తరం నుంచి గాలి కొడితే సముద్రం నేరుగా లోపలికొచ్చేసేది. పొద్దున్నే లేచి చూస్తే అలలు గోదాముల గోడల మీదికి ఎగురుతున్నాయి. అందరం రేవు మీదే ఉన్నాం. చూస్తుండగానే ఆకుపచ్చ ముక్కు ఓడ మెల్లగా పక్కకి తిరిగింది. లంగరు తాడు తెగింది. వెనక నల్లరాళ్ళ వరస.

నాన్న మా పెద్ద లంగరూ తాడూ భుజాన వేసుకుని నడుస్తున్నాడు. ఇసాక్ వెనక. నేను ఇసాక్ వెనక. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. అమ్మ మాత్రం నా కోటు అంచు పట్టుకుంది. ఒక్క క్షణం పట్టుకుని వదిలేసింది.

ఎంతసేపు లాగామో తెలీదు. అలలు మమ్మల్ని ఎత్తి దించుతున్నాయి. ఓడని దాటి గాలికి ఎదురుగా పోయి లంగరు పడేశాం. తాడు వదులుకుంటూ వెనక్కొచ్చి కొస ఓడలోకి విసిరాం. మొదటిసారి అందలేదు. రెండోసారి ఫెతీన్యా సగం ఒంటిని బయటికి వంచి పట్టుకుంది. ముసలాళ్ళంతా తాడు మీద పడి చుట్టారు. ఓడ ఒకసారి వణికి, ముక్కు తిప్పి, గాలికి ఎదురు నిలిచింది. రాళ్ళకీ చుక్కానికీ మధ్య నాలుగు పడవల దూరం కూడా లేదు.

అప్పుడే ఒక అల మా పడవని ఎత్తి ఓడ డొక్క కింద పెట్టింది. ఓడ దాని మీదికి దిగింది.

చప్పుడు పెద్దగా ఏం లేదు, పొయ్యిలోకి కట్టె విరిచినట్టు. నీళ్ళు నా నడుము దాకా వచ్చాయి. ఎవరో నా కోటు మెడ పట్టుకుని పైకి లాగారు. చూస్తే ఫెతీన్యా. ఇసాక్, నాన్న తాడు పట్టుకుని ఎక్కారు. కిందికి చూస్తే మా పడవ లేదు, పలకలు ఉన్నాయి. మా తాత కట్టించిన పడవ అది.

నాన్న వాటినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆవిడవైపు తిరిగి, "ఉప్పు తడిసింది?" అనడిగాడు.

"తడవలేదు," అంది ఫెతీన్యా.

"మంచి," అన్నాడు నాన్న.

ఇంటికొచ్చాక అమ్మ పొడి బట్టలిచ్చింది, వేడి సూప్ పోసింది, అప్పుడు మొదలెట్టింది. "మన పిండి ఇంకా సగం ఆ ఓడలో ఉందనా వెళ్ళావు? ఆవిడ కోసమా? చెప్పు."

"తాడు తెగింది కదే," అన్నాడు నాన్న.

గాలి తగ్గాక ఫెతీన్యా మాకు రావలసిన పిండి దించింది, పైన రెండు బస్తాలు అదనంగా వేసింది. నాన్న ఆ రెండూ తిరిగి ఓడెక్కించాడు. ఆవిడ మళ్ళీ దించింది, ఆయన మళ్ళీ ఎక్కించాడు. చివరికి ఆవిడ విసుక్కుని చెయ్యి ఊపేసింది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన మా పడవ ముక్కలు మాత్రం ఏరించింది. అడుగు దూలం విరిగిన రెండు తునకలూ పక్కపక్కన పెట్టి, జానలతో కొలిచి, అన్నీ ఓడలోకి ఎక్కించుకుంది.

"పిండిచ్చి చేప పట్టుకెళ్ళింది, ఇప్పుడు పొయ్యిలోకి కట్టెలు కూడా మనవే," అన్నాడు ఓలుఫ్. ఎవరూ నవ్వలేదు.

ఓడ వెళ్ళిపోయింది. ఒక్కొక్కటే మిగతా ఓడలూ వెళ్ళిపోయాయి.

పడవ లేని ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. జనవరిలో పెద్ద చేప వస్తుంది, మా ఏడాది తిండంతా ఆ చలికాలపు చేపే. ఇసాక్ ఓలుఫ్ పడవలో కూలికి మాట ఇచ్చాడు. నాన్నని ఎవరూ రమ్మనలేదు, ఆ వయసులో ఎవరు రమ్మంటారు? ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసేవాడు. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. నన్ను హామర్‌ఫెస్ట్‌లో ఒక వ్యాపారి ఇంట్లో పనికి పంపడానికి నిశ్చయమైంది. అక్టోబర్ ఆఖర్లో వచ్చే స్టీమర్‌లో వెళ్ళాలి. అమ్మ నా పెట్టె సర్దింది. ఉన్ని మేజోళ్ళు కొత్తవి అల్లి పైన పెట్టింది.

"మంచి ఇల్లేనట," అంది. "నేల చెక్కలకి రంగు కూడా వేశారట."

"ఊఁ," అన్నాను.

"ఏడిస్తే ఇప్పుడే ఏడు మరెన్. అక్కడికెళ్ళి ఏడవకు."

నేను ఏడవలేదు. అమ్మే ఏడ్చింది.

స్టీమర్ ఇంకో నాలుగు రోజుల్లో వస్తుందనగా మొదటి మంచు కురిసింది. ఆ మధ్యాహ్నం నేను బయట చేప నూనె పీపా మూత దులుపుతున్నాను. మంచు పొరలోంచి రేవులోకి ఏదో వస్తోంది. ముక్కు ఆకుపచ్చగా ఉంది.

అక్టోబర్ ఆఖర్లో తూర్పు నుంచి ఓడ రావడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. వచ్చిన ఓడకి తిరిగి వెళ్ళే దారి ఉండదు. తెల్ల సముద్రం ఏ రోజున మూసుకుంటుందో దానికే తెలీదు. నేను లోపలికి పరుగెత్తి, "నాన్నా, ఫెతీన్యా!" అన్నాను. ఆయన చేతిలో వల అలాగే పట్టుకుని బయటికొచ్చాడు, దాన్ని రేవు దాకా ఈడ్చుకొచ్చాడు.

ఓడ మీద బోర్లా తిప్పిన పడవ ఒకటి ఉంది. మేం చూస్తుండగానే ముసలాళ్ళు దాన్ని తాళ్ళతో ఎత్తి నీళ్ళలోకి దించారు. నాన్న ఓలుఫ్ చిన్న పడవ తీసుకుని ఓడ పక్కకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

కొత్త పడవ. తెల్లటి చెక్క, ఇంకా బంక వాసన పోలేదు. అడుగు మాత్రం మా పాత పడవ కొలతే. మా ముక్కల్లో పనికొచ్చినవాటిని అక్కడక్కడ కలిపారు, నల్లగా తెలుస్తున్నాయి. ఎక్కడా మేకు లేదు. పలకకీ పలకకీ మధ్య సన్నటి చెట్టు వేళ్ళతో కుట్టారు, చొక్కా కుట్టినట్టు.

ఫెతీన్యా పైనుంచి వంగి చూస్తోంది. మొహం గాలికి పగిలి ఎర్రగా ఉంది. "నాది దిగను. మంచు వస్తోంది. నాది వెంటనే ఇంటికి."

"ఎందుకు ఇప్పుడు?" అన్నాడు నాన్న. "వేసవి తెచ్చు. వేసవి మంచి."

"చేప జనవరి వస్తుంది," అంది ఆవిడ, చంటిపిల్లాడికి చెప్పినట్టు. "నీది జనవరి తినాలి."

నాన్న టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. ఆయనకి ఆ భాషలో వచ్చినవన్నీ బేరం మాటలే. ఆ మాటల్లోంచే వెతుక్కున్నాడు. "ఎక్కువ," అన్నాడు. "ఫెతీన్యా, చాలా ఎక్కువ."

పిండి కొలిచేటప్పుడు చూసినట్టు ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. "ఎక్కువ కాదు. తక్కువ కాదు. సరి."

బేరం కుదిరినట్టు కిందికి చెయ్యి చాచింది. నాన్న నిలబడి ఆ చెయ్యి అందుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

పడవని ఒడ్డుకి లాక్కొచ్చాం. ఊరు మూగింది. "ఎలియాస్, కుట్టు ఊడితే మీ ఆవిడ సూదీదారం తెచ్చుకోవాలి," అన్నాడు ఓలుఫ్, కానీ మోకాళ్ళ మీద కూర్చుని ఆ కుట్లు ఒక్కోటీ వేలితో నొక్కి చూస్తున్నాడు. లోపల మూడు జతల తెడ్లున్నాయి. రెండు జతలు మామూలువి. మూడోది పొట్టిది, పిడి సన్నగా చెక్కి ఉంది.

అమ్మ ఆ పొట్టి జతని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. నావైపు చూసింది. తెడ్లు పడవలో జాగ్రత్తగా పెట్టి ఇంటివైపు నడిచింది. కాసేపటికి నేను వెళ్ళేసరికి నా పెట్టె మూత తెరిచి ఉంది, మేజోళ్ళు నా మంచం మీద ఉన్నాయి. అమ్మ పొయ్యి దగ్గర హడావిడిగా ఉంది.

"నిలబడతావేం? రొట్టెలు తియ్యి. ఉత్త కడుపుతో పోతుందా ఆవిడ?"

అప్పటికే ఓడ తెరచాప ఎత్తుతోంది. నాలుగు వేడి రొట్టెలు దుప్పట్లో చుట్టి, కాఫీ కెటిల్ ఒళ్ళో పెట్టుకుని అమ్మ కూడా పడవెక్కింది. అమ్మ పడవెక్కడం నేను అదే మొదటిసారి చూశాను. నాన్న, ఇసాక్, నేను శక్తికొద్దీ లాగాం. ఆ తెడ్లు నా చేతుల్లో ఎంత తేలిగ్గా తిరిగాయో ఇప్పటికీ నా అరచేతులకి గుర్తుంది. రేవు మొగలో ఓడని అందుకున్నాం. అమ్మ నిలబడి దుప్పటి మూట పైకి అందించింది.

"దుప్పటి కూడా ఉంచుకో!" అని మా భాషలో అరిచింది. "చలి!"

ఫెతీన్యాకి ఏం అర్థమైందో గానీ మూట గుండెకి ఆనించుకుంది. కెటిల్ మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది. అయినా తీసుకుంది.

ఆ జనవరి చేప బాగా పడింది. ఆ పడవ అలని చీల్చుకుని పోయేది కాదు, అలతో పాటు ఒంగేది. ఎప్పుడూ ఏ పడవకీ భయపడని నాన్న దానికి అలవాటు పడ్డానికి నెల పట్టింది. మాకు లోటు లేదు. కానీ గాలి లేచిన ప్రతిసారీ ఇంట్లో మాటలు ఆగిపోయేవి. ఆవిడ చేరిందో లేదో చెప్పేవాళ్ళు లేరు. ఆదివారం చర్చిలో అమ్మ పెదాలు కదిలితే ఎవరి కోసమో మేం అడిగేవాళ్ళం కాదు.

జూలైలో ఆవిడ వచ్చింది.

మా బల్ల దగ్గర కూర్చుని, కాఫీని తిట్టి, చెప్పింది. తిరుగు దారిలో సగంలోనే మంచు అడ్డుపడిందట. ఓడని ఒక ఇరుకు పాయలో కట్టేసి, అక్కడి సామీ జాతివాళ్ళ రెయిన్‌డీర్ బళ్ళ మీద కొంత దూరం, నడిచి కొంత దూరం పోయి, క్రిస్మస్ దాటాక ఇల్లు చేరారట. వసంతంలో మళ్ళీ అంత దూరమూ నడిచొచ్చి ఓడని తీసుకెళ్ళి పిండి నింపుకొచ్చిందట.

"బావ ఏమన్నాడు?" అనడిగాడు ఇసాక్.

"అరిచాడు. అరిచి అరిచి గొంతు పోయింది. ఓడ నాది."

నాన్న కప్పు కింద పెట్టాడు. అంత నడక తన పడవ కోసమని ఆయన అప్పుడే విన్నాడు. లేచి తలుపు తీసి, "రా," అన్నాడు. అందరం ఆయన వెనకే రేవుకి నడిచాం.

నాన్న తన పడవలో చుక్కాని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఇసాక్‌కి పెళ్ళయ్యాక కూడా ఇవ్వలేదు. ఆ రోజు పడవ వెనక చోటు చూపించి, "నీది పట్టు," అన్నాడు. ఫెతీన్యా ఒక్క క్షణం ఆయన్ని చూసింది. బూట్లు దులుపుకుని వెళ్ళి చుక్కాని దగ్గర కూర్చుంది. నేను నా తెడ్లు తీసుకున్నాను.

నాన్న నా ముందు బల్ల మీద కూర్చున్నాడు, ఆవిడకి ఎదురుగా. తెడ్లు నీళ్ళలో వేశాడు. దీవి కొస దాటకముందే ఆవిడ మొదలుపెట్టింది.

"ఎలియాస్, నీది ఎడమ చెయ్యి నిద్రపోతోంది. లాగు!"

మా నాన్న నవ్వుతూ లాగాడు.